మలుపు దగ్గర సాలమ్మ తవ్విన గుంత

రెండు వందల పేజీల ఆ నివేదికలో సాలమ్మ పేరు ఎక్కడా లేదు. గుంతల కొలతలున్నాయి, మట్టి రంగులున్నాయి, మమ్మల్ని తీసుకుపోయిన జీపు నంబరు కూడా ఉంది. ‘కూలీలు: నలుగురు’ అని మాత్రం ఒక ముక్క ఉంది. ఆ నలుగురిలో ఒకామె లేకపోతే ఆ నివేదిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పచ్చి అబద్ధమై ఉండేది. ఆ అబద్ధంలో సగం నా చేత్తో గీసిందే. కాబట్టి ఈ సంగతి చెప్పాల్సింది నేనే.

నా పేరు జనార్ధనరావు. మాది తెనాలి వైపు. ఉప్పల్ రోడ్డులో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో ముప్పై రెండేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. నాచారంలో ఉంటాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక కన్సల్టెన్సీలో పనికి కుదిరాను. రోడ్లు, కాలువలు వేసేముందు ఆ నేలలో పాతకాలపు సమాధులో గోడలో ఏమైనా ఉన్నాయా అని తవ్వి చూసి నివేదిక ఇవ్వడం వాళ్ల వ్యాపారం. గుంత తవ్వాక దాని పక్కగోడలో మట్టి పొరలు ఎలా ఉన్నాయో కొలిచి కాగితం మీద గీయడం నా పని.

తవ్వడం సాలమ్మ పని.

ఆమెకు యాభై మూడేళ్లు. జనగామ దగ్గరి పల్లె నుంచి, పెళ్లయిన ఏడాదికే భర్త సాంబయ్యతో నాచారం వచ్చేసింది. సాంబయ్య పైపుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఊపిరితిత్తులు చెడి పని మానేశాక ఇప్పుడు ఇంట్లో వంట ఆయనదే. సాలమ్మ టిఫిన్ డబ్బాలో ఆయన చేసిన చింతకాయ తొక్కు రుచి నాకూ తెలుసు. పెళ్లయిన కొత్తలో సాలమ్మ కూలీల అడ్డా మీద నిలబడితే, ఒకరోజు ఒక జీపు వచ్చి పదిమంది ఆడవాళ్లను తవ్వకాలకు తీసుకుపోయింది. బంగారం కోసం తవ్వుతున్నారనుకుందట. మూడో రోజు గడ్డపార దెబ్బకు మట్టి చప్పుడు మారిందని తనే చెయ్యి ఆపేసింది. పని ఆపావేమని మేస్త్రీ కసిరాడు. చేతులతో మట్టి తీసి చూస్తే కింద మూతపెట్టిన కుండ, చిన్న పగులు కూడా లేకుండా ఉంది. ఆనాటి నుంచి ముప్పై ఏళ్లుగా ఎక్కడ తవ్వకం జరిగినా సాలమ్మకు కబురు వెళ్లేది. ఆమెకు అక్షరాలు రావు. కానీ గుంత గోడను అరచేత్తో ఒకసారి తడిమి, ఏ పొర వరద తెచ్చిందో, ఏ పొర మనుషులు పోసిందో చెప్పేది. నేను టేపు పట్టి కొలిచాక కూడా ఆమెను అడిగే గీత గీసేవాణ్ణి.

రెండు వేల ఇరవై ఐదు మార్చిలో మాకు గుండ్లకుంట పని వచ్చింది. ఘట్‌కేసర్ దాటి లోపలికి పోతే ఆ ఊరు. ఊరికి అర కిలోమీటరు ముందు రోడ్డు ఒక రాళ్ల గడ్డను చుట్టుకుని మెలిక తిరుగుతుంది. గడ్డ నిండా సర్కారు తుమ్మ. ఎదురుగా వచ్చే బండి మీదకు వచ్చేదాకా కనపడదు. ఆరేళ్లలో ఆ మలుపులో పదకొండు మంది పోయారు. గడ్డను మధ్యకు కోసి రోడ్డును తిన్నగా వేయాలని నిర్ణయించారు. నిధులిచ్చే సంస్థ ఒక్క షరతు పెట్టింది: గడ్డను కోసేముందు ఆరు చోట్ల తవ్వి చూడాలి. ఆ ఆరు గుంతల పని మాది.

మా మేనేజరు విజయభాస్కర్ నా టేబుల్ దగ్గరకొచ్చి, “రావుగారూ, సోమవారానికి గుండ్లకుంట గుంతల సెక్షన్ బొమ్మలు ఆరూ కావాలి” అన్నాడు.

“ఎప్పుడు తవ్వారు?”

“తవ్వడానికేముంది సార్ అక్కడ, మొరం తప్ప? పోయినసారి బీబీనగర్ వైపు చేసినవి ఉన్నాయి కదా, అవే కాస్త అటూ ఇటూ మార్చండి. రోడ్డు లేక జనం చచ్చిపోతున్నారు. మనం బ్రష్షులు పట్టుకుని కూర్చుందామా?”

నేను గీశాను. ఇది దాచను. జనం చచ్చిపోతున్నారన్న మాట వినగానే అబద్ధం కూడా పుణ్యకార్యంలా అనిపించింది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పుడు గీత గీయలేదని ఇంట్లో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. రెండు రోజుల్లో ఆరు గుంతలు గీసేశాను.

శుక్రవారం మధ్యాహ్నం సాలమ్మ తన తాపీ, బ్రష్షు తీసుకుపోవడానికి ఆఫీసుకు వచ్చింది. నా టేబుల్ మీది కాగితాలు చూసి ఆగింది.

“ఇదేడ తవ్విన్రు సారూ?”

“గుండ్లకుంట.”

“ఎన్నడు? నేను పోలె, నాతోని తవ్వే లచ్చవ్వ పోలె. మరి తవ్విందెవరు?”

నేను పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను. సాలమ్మ వంగి, మూడో గుంత బొమ్మలో కింద ఉన్న రాయి మీద వేలు పెట్టింది.

“ఈ రాయి బీబీనగర్ల ఒచ్చిందే గదా. నా కాలు దీనికే కొట్టుకున్నది. మచ్చ ఇంక పోలె, సూడుండ్రి. గీ రాయి గుండ్లకుంటకు నడిచి పోయిందా సారూ?”

ఆమె గొంతు పెరిగింది.

“ఫ్యాను కింద కూసొని తవ్వొచ్చంటె మమ్ముల ఎండల ఎందుకు సంపుతున్రు? ముప్పై ఏండ్ల సంది మోకాళ్లు అరగంగ గీకితి. గిదేనా నేను జేసింది? నేను తవ్వని గుంత నేను తవ్విన్నని రాస్కుంటరా?”

పక్క టేబుల్ దగ్గర ప్రజ్ఞ లేచి నిలబడింది. ప్రజ్ఞ మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక పురావస్తు నిపుణురాలు. ఇరవై ఆరేళ్లు, మౌలాలిలో రైల్వే వాళ్ల అమ్మాయి, చేరి నాలుగు నెలలే. ఆ నివేదిక కింద పెట్టాల్సిన సంతకం ఆమెది. వచ్చి బొమ్మలన్నీ తిరగేసింది. మొహం ఎర్రబడింది.

“ఇవన్నీ తవ్వినవే అనుకుని నేను సగం రాసేశాను అంకుల్” అంది. నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. “సాలమ్మా, రేపు వస్తావా?” అని మాత్రం అడిగింది.

“నేను ఒస్త. సారు గూడ రావాలె” అంది సాలమ్మ, నా వైపు చూడకుండా.

శనివారం పొద్దున్న ఏడింటికి జీపులో బయలుదేరాం. ప్రజ్ఞ, నేను, సాలమ్మ, ఆమె తోటి కూలీలు ముగ్గురు. విజయభాస్కర్‌కు చెప్పలేదు.

మొదటి రెండు గుంతల్లో జానెడు లోతుకే మొరం తగిలింది. విజయభాస్కర్ చెప్పిందే నిజమేమో అనుకున్నాను; నిజం చెప్పాలంటే, అలా అయితే బాగుండునని కోరుకున్నాను. మూడో గుంత గడ్డ అంచున, సరిగ్గా కొత్త రోడ్డు గీత పోయే చోట. సాలమ్మ రెండు పారల మట్టి తీసి, మిగతా ఆడవాళ్లను ఆగమని చెయ్యి చూపించింది. మట్టి మెత్తగా, బూడిదరంగుగా వస్తోంది. పార పక్కన పెట్టి తాపీ తీసుకుంది. గంటసేపటికి కుండ పెంకులు బయటపడ్డాయి, లోపల నలుపు, బయట ఎరుపు. ఇంకో గంటకు ఒక పెద్ద రాతి బండ అంచు. బండ నిటారుగా నిలబెట్టి ఉంది. దానికి అడ్డంగా ఇంకో బండ.

“గూడు” అంది సాలమ్మ. “మనిషిని పెట్టిన గూడు. మా దిక్కు వీటిని రాక్షస గుళ్లంటరు. మేడం, మనం ఈడికి ఆపాలె. మూత మనం తియ్యొద్దు. పెద్దాఫీసోళ్లు ఒచ్చినంకనే.”

రెండు వేల ఏళ్లకు పైబడిన సమాధి అయి ఉంటుందని ప్రజ్ఞ అంది. నేను టేపు పట్టుకుని కొలవడం మొదలుపెట్టాను. నేను గీసిన మూడో గుంతలో ఇక్కడ ఒట్టి మొరం ఉంది, కింద ఒక బీబీనగర్ రాయి ఉంది. ఆ కాగితం వెళ్లిపోయి ఉంటే నెల తిరక్కుండా జేసీబీ ఈ గూడును పొడిచి లారీకి ఎత్తేది.

అప్పటికే ఊరివాళ్లు రావడం మొదలైంది. గుత్తేదారు మనిషి ఎవరో ఊళ్లోకి ఫోన్ చేశాడట, సర్వేవాళ్లు పని ఆపించబోతున్నారని. ముప్పై మంది దాకా వచ్చారు. అందరికన్నా ముందు ఒక ఆడమనిషి, ముప్పై ఏళ్లుంటాయేమో, విసవిసా నడిచి వచ్చి మా తట్ట లాక్కుంది. తీసిన మట్టిని మళ్లీ గుంతలోకి పోయసాగింది.

“సచ్చిన బొక్కల కోసం మా రోడ్డు ఆపుతరా? మేం మనుషులం గాదా? మావోళ్లు పోతుంటె ఏడవోయిన్రు మీరు?”

ఆమె పేరు దీప. భర్త రంజిత్ బండి మీద పాల క్యాన్లు తీసుకుని ఘట్‌కేసర్ పోతూ ఈ మలుపులోనే టిప్పరు కింద పడ్డాడు. పక్కనున్న ముసలాయన నాకు ఆ మాట చెబుతుండగానే ఒక లారీ హారన్ కొట్టుకుంటూ మెలిక తిరిగి మా ముందు నుంచి పోయింది. జనం తుమ్మల్లోకి ఒదిగారు. వాళ్లకు అది అలవాటు. నేను మాత్రం ముసలాయన భుజం గట్టిగా పట్టుకున్నాను.

సాలమ్మ దీపను ఆపలేదు. గుంతలోకి దిగి, బండ మీద మట్టి పడకుండా రెండు చేతులూ చాపి కూర్చుంది. నాలుగు తట్టల మట్టి ఆమె నెత్తి మీద, భుజాల మీద పడింది. అయిదో తట్ట ఎత్తి దీప ఆగిపోయింది.

“లే అవ్వా! నీ మీద పొయ్యబుద్ది గాదు నాకు.”

“లేవ బిడ్డా. జర ఒక ముచ్చట జెప్పు. రోడ్డు మేం ఆపుతున్నమని నీకెవరు జెప్పిన్రు?”

“గుత్తేదారు మనిషే జెప్పిండు. పాత రాళ్ల సర్వే అయ్యేదాక ఈడ ఒక్క బోర్డు గూడ పాతొద్దట. తుమ్మ గొట్టొద్దట. రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఎయ్యొద్దట. ఏడాది సంది గిదే మాట.”

సాలమ్మ తల తిప్పి ప్రజ్ఞను చూసింది. “నిజమేనా మేడం? తుమ్మ గొట్టనీకె మన సర్వే ఎందుకు?”

ప్రజ్ఞ అప్పటికే సంచిలోంచి రోడ్డు పని ఫైలు తీసి తిరగేస్తోంది. ఒక పేజీ దగ్గర ఆగి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులోకి మార్చి గట్టిగా చదివింది. పని రెండు భాగాలు. గడ్డను కోసి రోడ్డు తిన్నగా వేయడం రెండో భాగం. దానికే మా తవ్వకం. మొదటి భాగంలో హెచ్చరిక బోర్డులు, రాత్రి మెరిసే గుర్తులు, తుమ్మ కొట్టివేత, మలుపుకు రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు. దీనికి ఏ సర్వే అక్కర్లేదు. పూర్తి కావాల్సిన గడువు: రెండు వేల ఇరవై నాలుగు, ఫిబ్రవరి నెలాఖరు.

“మల్లొకసారి సదువుండ్రి. ఏ నెల?” అంది దీప.

ప్రజ్ఞ మళ్లీ చదివింది.

దీప చేతిలో తట్ట కింద పెట్టింది. పెదవులు కదిలాయి, నెలలు లెక్కపెట్టుకుంటోంది.

“మా ఆయన ఆగస్టుల పోయిండు” అంది. “అదే ఏడు. ఆగస్టు.”

దీప గుంత అంచున కూలబడి సాలమ్మ భుజం మీది మట్టి తుడవసాగింది, తను ఏం చేస్తోందో తనకే తెలియనట్టు. సాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మమ్మల్నందరినీ చూస్తూ అంది:

“సచ్చినోళ్లను అడ్డం బెట్టుకొని బతికినోళ్లను సంపిన్రు. ఈ గూట్ల పండుకున్నోడు ఏం పాపం జేసిండు? వాని పేరు జెప్పి తుమ్మ గొట్టలె. మా పేరు జెప్పి బోర్డు పాతలె. మమ్ముల దొంగల జేసిన్రు!”

సోమవారం గుండ్లకుంట నుంచి ఇరవై మంది ఒక డీసీఎం వ్యాను ఎక్కి ఉప్పల్ ఆఫీసుకు వచ్చారు. ముందు దీప, పక్కన సాలమ్మ. గుత్తేదారు ద్వారా సమాధి సంగతి అప్పటికే తెలిసిన విజయభాస్కర్ కుర్చీలోంచి లేవలేదు.

“చూడండమ్మా, మాది సర్వే. బోర్డుల సంగతి మాకు సంబంధం లేదు. రోడ్డు తొందరగా రావాలని మీకూ ఉంది, నాకూ ఉంది. ఆ గుంత పూడ్చేద్దాం. నాలుగు పెంకులు దొరికాయని రాస్తాం. వచ్చే నెలలోనే జేసీబీ దిగుతుంది. కాదూ కూడదంటే ఇంకో ఏడాది. ఆ ఏడాదిలో ఎవరైనా పోతే ఆ పాపం ఇదిగో, ఈ సాలమ్మదే.”

నాకు ఒళ్లు మండింది. ఆ మాట మొదట నాతో అన్నప్పుడు మండాల్సింది, ఆలస్యంగానైనా మండింది. సాలమ్మ మాత్రం నిదానంగానే మాట్లాడింది.

“పాపం నా నెత్తిన బెడ్తవా సారూ? నువ్వు గడ్డ కాడికి ఒక్కనాడన్న ఒచ్చినవా? ఆమె పెనిమిటి పడ్డ జాగ ఏదో నీకెరుకనా? రోడ్డు జెయ్యొద్దని నేనన్ననా? రోడ్డు పది గజాలు అవుతలికి జరుగుతది, ఆ దిక్కు ఉత్త మొరమే, నేను తవ్వి సూసిన. తొవ్వ ఉన్నది. మీకు తవ్వుడు బద్ధకం, జరుపుడు బద్ధకం. అబద్ధం రాసుడొక్కటే సులువు.”

“తవ్వాం కదమ్మా, డ్రాయింగులున్నాయి” అన్నాడు విజయభాస్కర్.

నేను నా టేబుల్ సొరుగు తీసి ఆరు కాగితాలూ తెచ్చి ఆయన ముందు పరిచాను. “ఇవి తవ్వకముందే నేను ఇక్కడ కూర్చుని గీసినవి. మీరు గీయమంటే గీశాను. ఎవరు అడిగినా ఇదే చెబుతాను” అన్నాను. విజయభాస్కర్ నన్నూ కాగితాలనూ చూసి, ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ప్రజ్ఞ తన సంతకంతో అసలు సంగతి రాసి నిధులిచ్చే సంస్థకు, పురావస్తు శాఖకు అదే రోజు పంపింది. ఊరివాళ్లు ఫైలులోని ఆ పేజీ నకళ్లు పట్టుకుని రోడ్ల ఇంజినీరు ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. మూడు రోజులు కూర్చున్నారు. సాలమ్మ వాళ్లతోనే ఉంది. సాంబయ్య రోజూ మధ్యాహ్నం సిటీ బస్సులో అన్నం డబ్బా పట్టుకుని, మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ వచ్చేవాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో తుమ్మ కొట్టేశారు. బోర్డులు పాతారు, మెరిసే గుర్తులు పెట్టారు, రెండు వైపులా స్పీడ్ బ్రేకర్లు వేశారు. తొమ్మిది రోజులు! పదమూడు నెలలు కుదరని పని తొమ్మిది రోజుల్లో అయిపోయింది. ఎవరూ సస్పెండ్ కాలేదు. ఎందుకు ఆలస్యమైందని దీప రాసిన అర్జీకి, ‘సాంకేతిక కారణాల వల్ల’ అని మూడు పదాల జవాబు వచ్చింది. ఆ కాగితం ఆమె నాకు చూపించినప్పుడు నేను కోపంతో చింపబోయాను. ఆమే లాక్కుని మడిచి దాచుకుంది.

పురావస్తు శాఖవాళ్లు వచ్చి సమాధిని పద్ధతిగా తెరిచారు. పదకొండు కుండలు, ఒక ఇనుప కత్తి, ఒక మనిషి ఎముకలు. సాలమ్మే దగ్గరుండి బ్రష్షుతో తుడిచింది. దీప రెండు రోజులు గుంత అంచున కూర్చుని చూసింది. కుండలను దూదిలో చుట్టి పెట్టెల్లో పెడుతుంటే, “వీనికి మస్తు జేసిన్రు గదా అవ్వా వీనోళ్లు” అంది. మిగిలిన మూడు గుంతలూ తవ్వి చూశాక రోడ్డు గీత పది గజాలు అవతలికి జరిగింది. ఏడాది పడుతుందన్న పని ఏడు నెలల్లో అయిపోయింది. బోర్డులు పెట్టిన నాటి నుంచి ఈ రోజు వరకు ఆ చోట ఎవరూ పోలేదు.

ప్రజ్ఞ ఆ ఉద్యోగం మానేసి వేరే చోట చేరింది. నన్ను రావద్దన్నారు, నాకు పింఛను ఉంది, నేను బాధపడితే సిగ్గుచేటు. సాలమ్మకు మాత్రం ఆ కన్సల్టెన్సీయే కాదు, ఇంకే కన్సల్టెన్సీ నుంచీ కబురు రాలేదు. ముప్పై ఏళ్ల నేర్పు ఉన్న మనిషి ఇప్పుడు నాచారంలో ఒక బిస్కెట్ల గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటిస్తోంది. నిలబడి నిలబడి కాళ్లు వాస్తున్నాయి. శాఖవాళ్లు ప్రదర్శన పెట్టి ఆ కుండల ఫోటోలు తగిలించారు. ఒక ఫోటోలో కుండ పక్కన నాలుగు వేళ్లున్నాయి. సాలమ్మవే. మనిషిని కత్తిరించేశారు.

పోయిన నెల తెలిసింది, అదే కన్సల్టెన్సీకి ఘట్‌కేసర్ వైపే ఇంకో పల్లె రోడ్డు సర్వే దొరికిందని. అదే విజయభాస్కర్, అదే తొందర. నేను పత్రికకు ఉత్తరం రాయబోతున్నానని సాలమ్మతో అన్నాను.

“రాయిండ్రి సారూ. నేను మాత్రం పోత” అంది.

గోదాముకు సోమవారం సెలవు. ఆ రోజు పొద్దున్న పదింటికి సాలమ్మ ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఆ ఆఫీసు తలుపు ముందుకు పోయి నిలబడుతుంది. లోపలికి పోనివ్వరు. పోయే వాళ్లనూ వచ్చే వాళ్లనూ ఒకటే మాట అడుగుతుంది: “కొత్త రోడ్డు కాడ ఎన్నడు తవ్వుతున్రు? ఎవరు తవ్వుతున్రు?” మొదటి వారం వాచ్‌మన్ వెళ్లగొట్టాడు. రెండో వారం నీళ్లు ఇచ్చాడు. మూడో వారం గుండ్లకుంట నుంచి దీప బస్సెక్కి వచ్చింది. ఆ రోజు విజయభాస్కర్ మెట్లు దిగుతూ, కళ్లెత్తకుండా, “బుధవారం తవ్వుతాం, చాలా?” అన్నాడట.

“ఏ బుధారం? తారీకు జెప్పు” అంది సాలమ్మ.

ఆయన తారీకు చెప్పాడు. ఆ తారీకు రేపే. సాలమ్మ గోదాములో సెలవు పెట్టింది. పొద్దున్నే ఘట్‌కేసర్ బస్సు ఎక్కాలి. నన్ను టేపు, పెన్సిలు తెచ్చుకొమ్మంది.